ఆ ఫారం పిల్లల చేతికివ్వు

చి. పాపకు, పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫారం అందింది. 42 ప్రశ్నలు! కళ్యాణదుర్గం వైపు పది ఊళ్లలో ఆ ఊరి పిల్లలతోనే నీళ్ల సంగతి సర్వే చేయిస్తున్నామనీ, ప్రశ్నలు ఒకసారి దిద్ది పంపమనీ రాశావు. పెన్ను తీసుకుని కూర్చున్నాను గానీ, చెయ్యి ఆడలేదు.

పిల్లలతో చేయిస్తున్నామంటున్నావు. ప్రశ్నలు తయారైంది మీ ఆఫీసులో, జవాబులు చేరేదీ అక్కడికే. నడుమ ఎండలో తిరిగేది మాత్రం వాళ్లు. కూలి ఇవ్వని కూలిపనికి పరిశోధన అని పేరు పెట్టకూడదు తల్లీ. 1992లో రోజర్ హార్ట్ అనే ఆయన యునిసెఫ్ కోసం రాస్తూ, పిల్లలను కలుపుకోవడానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి చూపించాడు. కింది మూడు మెట్లు పిల్లలను మనం చెప్పినట్టల్లా ఆడించడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు పిలవడం. ఆ మూడూ లెక్కలోకే రావన్నాడు. నీ ఫారం ఇప్పుడు ఆ మూడో మెట్టు మీదే ఉంది. కోపం తెచ్చుకోకు, నేను చాలా ఏళ్లు అక్కడే కూర్చున్నాను.

నన్ను దింపింది ఒక ఇంటర్ పిల్ల. ఒక ఊరికి ఇలాంటి ఫారమే పట్టుకుని పోయినాం. ‘మీ ఇంటికి కుళాయి ఉందా?’ అన్నది మొదటి ప్రశ్న. ఊరంతా ఉందనే చెప్పారు. సాయంత్రం బడి అరుగు మీద లెక్కలు కూడుతుంటే ఆ పిల్ల మెల్లగా అంది, "సార్, కొళాయి ఉండాదా అంటే ఉండాదనే చెప్తారు. నీళ్లు ఎప్పుడొస్తాయో అడగల్ల కదా."

మరుసటి రోజు ఫారాలు మూటగట్టేసి ఒక లాంగ్ నోటుబుక్కు కొనిచ్చాం. గళ్లు వాళ్లే గీసుకున్నారు. వీధి, నీళ్లొచ్చిన టైము, ఆగిన టైము, ఎన్ని బిందెలు, పట్టింది ఎవరు. ఆ చివరి గడి మాకైతే జన్మలో తట్టేది కాదు. పదిహేను రోజులు రాశారు. కింది వీధికి పొద్దున్నే ముప్పావు గంట. మిట్ట వీధికి రాత్రి పదకొండు దాటాక సన్నటి ధార. ‘పట్టింది ఎవరు’ అన్న చోట మిట్ట వీధి పేజీల నిండా కూతురు, కోడలు, కూతురు, కూతురు. ఆ ఆడపిల్లలు క్లాసులో ఎందుకు తూగుతున్నారో వాళ్ల టీచరుకు ఆ పుస్తకం చూశాకే అర్థమైంది. పిల్లలు దాన్ని వాల్వు తిప్పే ఆయన దగ్గరికి తీసుకుపోయి, వారం మార్చి వారం వంతులు పెట్టించారు. నేను నాలుగేళ్లు రాసిన రిపోర్టులతో ఒక్క వాల్వు తిరిగింది లేదు.

లెక్క ఎవరిదైతే నమ్మకం వాళ్లది. మన రైతులనే చూడు. భూగర్భ జలాల ప్రాజెక్టు నడిచిన రోజుల్లో అనంతపురం, కర్నూలు, కడప ఊళ్లలో రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచారు, వాన ఎంత పడిందో కొలిచి రాసుకున్నారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్క వేశారు. అదే లెక్క ఆఫీసరు వచ్చి చెప్పుంటే వరి నాటేవాళ్లు నాటుతూనే ఉండేవాళ్లు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఊర్లో పిల్లలు రేషన్ తూకాల్లో మోసం పట్టుకున్నారు. బాగా చేశారు. అందరిలోకీ చురుకైన పిల్లోడిని మైకు ముందు నిలబెట్టి చదివించాను. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నాం, జీపెక్కి వచ్చేసినాం. నెల తిరక్కుండానే వాళ్ల నాయనను పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. జీపు మాకుంది, ఆ పిల్లోడు యాడికి పోతాడు? నాకు ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బస్సులో పోవాలంటే ఇబ్బందిగా ఉంటుంది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే కదా. ఆ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభ చేత సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కలను ఊరే తనిఖీ చేయడం, జరిపించమంది. మన రాష్ట్రంలో ఆ పనికి కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చారు, అయితే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపారు. ఆ జాగ్రత్త నాకు ముందే తట్టుంటే బాగుండేది. నువ్వు మాత్రం అట్లాగే చెయ్యి. దాహం, దారి, చీకటి ఇలాంటివి సొంత ఊర్లో వెతకనివ్వు. డబ్బు, తూకం, మనిషి పేరు వచ్చే చోట ఊళ్లు మార్చు. చదివేటప్పుడు ఒక్కరిని నిలబెట్టొద్దు, అందరూ తలా ఒక ముక్క చదవాలి. అమ్మానాన్నల అనుమతి మొదటి రోజే తీసుకో. సంతకం ఒక్కటే చాలదు, ఇంటికి పోయి కాఫీ తాగి, ఏం జరగొచ్చో ఉన్నదున్నట్టు చెప్పు.

పిల్లలను ఎంచేటప్పుడు స్కూల్ హెచ్‌ఎం ఇచ్చిన లిస్టు పట్టుకోకు. అందులో చక్కగా మాట్లాడేవాళ్లే ఉంటారు. టెన్త్ ఫెయిలై మేకలు కాస్తున్నవాడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి పండక్కొచ్చే పిల్లోడు, వీళ్లు లేకుండా ఊరి లెక్క తేలదు. రాయడం రాకపోతే చింతగింజలున్నాయి. బడి ముందర ముగ్గుపిండితో ఊరి పటం గీయమను, ఇంటికో గింజ పెట్టమను. మగపిల్లలూ ఆడపిల్లలూ విడివిడిగా గీస్తే అది ఒకే ఊరని నువ్వు నమ్మవు.

శెనక్కాయ పెరికే రోజుల్లో, పరీక్షల రోజుల్లో పని పెట్టుకోకు. చార్జీలు, భోజనం, రోజుకింత అని డబ్బు తప్పకుండా ఇవ్వు. మీ కన్సల్టెంటుకు ఇచ్చేది ఎంతో నాకు తెలుసులే. వాళ్లకు సర్టిఫికెట్, బిస్కట్ ప్యాకెట్ ఇచ్చి పంపితే రెండోసారి రారు, రాకపోవడమే న్యాయం. తేలిన సంగతి మీ ఆఫీసు కంటే ముందు ఆ ఊరి రచ్చకట్ట దగ్గర వినిపించాలి. తప్పులుంటే అక్కడే ముసలోళ్లు దిద్దుతారు, మొహమాటం లేకుండా.

ఫారం వెనక్కి పంపుతున్నాను, ఒక్క గీత కూడా పెట్టలేదు. మొదటి ఊరి పిల్లల చేతికివ్వు, ఒక ఎర్ర పెన్ను కూడా ఇవ్వు. వాళ్లు కొట్టేసినవి కొట్టేసినట్టే నాకు పంపు, అప్పుడు చూస్తాను.

మీ పెద్దనాయన
అనంతపురం