ఆదివారం కాదు, బుధవారం ఫోన్ చేయండి

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి రెండేళ్లయింది. ఇంటి దగ్గరున్నప్పుడు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడిగితే "చర్చిలోంచి ఇప్పుడే వచ్చానమ్మా" అంటాడు. వెనకాల వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు, అదీ అక్కడ ఆరాధన జరిగే వేళకే. మావారు మా చర్చిలో సంఘపెద్ద. ప్రార్థన మనవుల్లో వాడి పేరు కూడా ఇచ్చాం. మా పెంపకంలోనే లోపముందా?

జవాబు: పెంపకం సంగతి పక్కన పెట్టండి. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో క్రైస్తవులమని చెప్పుకొన్నవాళ్లు 2011లో 59.3 శాతం, 2021లో 46.2 శాతం. అంటే మీ అబ్బాయి ఉన్న చోట చర్చికి వెళ్లకపోతే ఎందుకని అడిగేవాళ్లే ఉండరు. మీ దగ్గర ఉన్నప్పుడు సంఘపెద్ద కొడుకు కాబట్టి నలుగురి కళ్లూ వాడి మీదే ఉండేవి. ఇప్పుడు ఆ కళ్లు లేవు. విశ్వాసం తనదో, నాన్నదో వాడు మొదటిసారి తేల్చుకుంటున్నాడు. దీన్ని వెంటనే 'లోకంలో పడిపోవడం' అనకండి.

నన్ను కలవరపెట్టింది చర్చి మానడం కాదు, ఆ వాషింగ్ మెషీన్. వారం వారం ఒకే ప్రశ్న వేసి, వాడికి ఒకే అబద్ధం అలవాటు చేశారు. శిష్యుడంటే నేర్చుకునేవాడు కదా. తల్లి దగ్గర అబద్ధమాడుతూ ఏం నేర్చుకుంటాడు?

బైబిల్లో ఎమ్మాయు అనే ఊరి దారిలో జరిగింది మీకు తెలిసిందే. యేసును సిలువ వేశాక ఆయన శిష్యులిద్దరు నిరాశతో యెరూషలేము విడిచి వెళ్లిపోతున్నారు. తిరిగి లేచిన యేసు వాళ్ల దారికి అడ్డం నిలబడలేదు. వాళ్లు వెళ్తున్న వైపే కలిసి నడుస్తూ, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, చెప్పిందంతా విన్నాడు. మందలింపు ఆ తర్వాతే.

అందుకని ఈ ఆదివారం ఫోన్ చేయకండి. బుధవారం చేయండి. చర్చి ఊసెత్తకుండా ఎలా ఉన్నాడో, ఒంటరిగా అనిపిస్తోందా అని అడగండి. వాడే ఎత్తితే, "అక్కడి చర్చిలో ఎవరైనా నీతో మాట్లాడారా?" అనండి. అందరూ పెద్దవాళ్లున్న చోట ఒక కుర్రాడు మూడు వారాలు ఎవరూ పలకరించకుండా కూర్చుని లేచొస్తే, నాలుగో వారం వెళ్లకపోవడం విడ్డూరం కాదు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో చాప్లిన్లు, అంటే విద్యార్థుల మంచిచెడ్డలు వినే మతసేవకులు, ఉంటారు, విద్యార్థులే నడుపుకునే క్రిస్టియన్ యూనియన్లు ఉంటాయి. వాడు అడిగినప్పుడు చెప్పండి. ముందే లింకులు పంపకండి.

సంఘంలో ఇచ్చిన మనవిలోంచి వాడి పేరు మాత్రం ఈ వారమే తీయించండి. సెలవులకు వచ్చినప్పుడు అందరూ "నీకోసం ప్రార్థిస్తున్నాం బాబూ" అంటుంటే వాడు గుమ్మంలోనే ఆగిపోతాడు. మీరూ మీవారూ ఇంట్లో ప్రార్థించండి చాలు.