ఆఫీసు కౌన్సెలింగ్‌కి వెళ్తే హెచ్ఆర్‌కి తెలుస్తుందా?

కంపెనీ ఫ్రీగా ఇచ్చే కౌన్సెలింగ్‌లో మాట్లాడితే ఆ మాటలు హెచ్ఆర్ దాకా వెళ్తాయా, అప్రైజల్ మీద పడుతుందా అని అడిగారు. కౌన్సెలర్ చెప్పరు, ఆ విషయంలో నాకు అనుమానమే లేదు. నా సంగతి బయటపెట్టింది ఆఫీసు క్యాలెండర్.

నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేదాన్ని. నాన్న పోయిన మూడు నెలలకి నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. బుధవారాల్లో కౌన్సెలర్ మా ఆఫీసుకే వచ్చేవారు. స్లాట్ బుక్ చేసుకుంటే ఇన్వైట్ గది పేరుతో సహా నా క్యాలెండర్‌లో పడింది. ఆ గది దేనికో ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. మా లీడ్ ఏదో కాల్ పెట్టడానికి ఖాళీ టైమ్ వెతుకుతూ అది చూశారట. మర్నాడు పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ, "ఏమ్మా, అంతా ఓకేనా? రిలీజ్ పని వేరేవాళ్ళకి ఇమ్మంటావా?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ పని నిజంగానే వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఏడాది చివర అప్రైజల్‌కి కూర్చుంటే నా పేరు మీద చెప్పుకోవడానికి పెద్ద పని ఒక్కటీ లేదు. ఎవరూ నా మీద కక్ష కట్టలేదు, అయినా జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

రెండో సెషన్‌లో కౌన్సెలర్‌ని సూటిగా అడిగాను, "మేడమ్, మీరు కంపెనీకి ఏం రాసి పంపుతారు?" అని. ఆవిడ కాగితం నా వైపు తిప్పారు. పేరు లేదు, ఐడీ లేదు. వయసు, ఆడా మగా, ఏ టీమ్, ఏ సమస్య, అంతే. కానీ మా టీమ్ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే! ఆ మాట చెప్పగానే ఆవిడ టీమ్ పేరు కొట్టేశారు. అప్పటి నుంచే ఆవిడ దగ్గర మనసు విప్పగలిగాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చికిత్స చేసేవాళ్ళు మన వివరాలు గోప్యంగా ఉంచాలని అందులో రాసి ఉంది. ప్రాణాపాయం ఉన్నా, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా, కోర్టు ఆదేశించినా మినహాయింపు. మొదటి రోజే ఈ మినహాయింపులు చెప్పని కౌన్సెలర్ దగ్గర కూర్చోవద్దని నా గట్టి అభిప్రాయం. మీ మేనేజరే మిమ్మల్ని పంపిస్తే సంగతి వేరు. మీరు సెషన్‌కి వచ్చారా లేదా అన్నది కంపెనీకి తిరిగి చెప్పే పద్ధతి ఉండొచ్చు, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందే అడగండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. వెల్‌నెస్ వీక్ అని బెలూన్లు కడతారు, టీషర్టులు పంచుతారు. కౌన్సెలింగ్ గది మాత్రం ప్యాంట్రీ పక్కన, గాజు తలుపుతో! కాఫీకి వచ్చినవాళ్ళందరికీ లోపల కళ్ళు తుడుచుకునేది ఎవరో కనిపిస్తుంది. ఒక కర్టెన్ వేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను, వేయలేదు.

మీరు బుకింగ్ సొంత ఫోన్ నుంచి, సొంత మెయిల్‌తో చేసుకోండి. ఆఫీసు లాప్‌టాప్ ముట్టుకోవద్దు. అసలు కంపెనీ ఊసే వద్దనుకుంటే 14416కి చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నేను మిగిలిన సెషన్లన్నీ ఫోన్‌లోనే పెట్టించుకున్నాను. లంచ్ టైమ్‌లో సెల్లార్‌కి దిగి, కారు అద్దాలు ఎత్తుకుని మాట్లాడేదాన్ని. నాన్న పోయాక నేను తనివితీరా ఏడ్చింది ఆ కారులోనే.