మిగిలిన బాటిల్ డబ్బుల గురించి అమ్మలూకి

పర్లాకిమిడి

అమ్మలూ,

శివరాత్రికి మహేంద్రగిరి మీద నీళ్ల బాటిల్‌కి పది రూపాయలు డిపాజిట్ పట్టి, ఎవరూ అడగని డబ్బుతో కొండ శుభ్రం చేయిస్తామని రాశావు. ఆలోచన బాగుంది. ముప్ఫై ఏళ్లు కూల్‌డ్రింకులు అమ్మినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అప్పట్లో గాజు సీసాకి డిపాజిట్ ఉండేది. ఆ డబ్బు నేను వేరుగా పెట్టలేదు, గల్లాలోనే కలిపేశాను. దసరాకి ఇంట్లోకి వాడేశాను. ఓ పెళ్లివారు నెల తర్వాత నాలుగు కేసుల ఖాళీ సీసాలు తెచ్చి దింపారు! మీ పెద్దమ్మ పోపులడబ్బాలోంచి తీసి ఇచ్చింది. ఇప్పటికీ దెప్పుతుంది. అందుకని మొదటి రోజు నుంచే వేరే ఖాతా తెరవండి. ఏ తేదీ దాటితే డబ్బు తిరిగి ఇవ్వరో బోర్డు మీద ఒడియాలో, తెలుగులో రాయించండి.

మిగిలింది దేనికి ఖర్చు పెడతారో కూడా ముందే కాగితం మీద పెట్టాలి. అమెరికాలోని మిషిగన్‌లో డిపాజిట్ 10 సెంట్లు. ఎవరూ తీసుకోని దాంట్లో 75 శాతం ప్రభుత్వం పర్యావరణ పనులకి, 25 శాతం దుకాణాలకి. దుకాణదారుడికి వాటా లేకపోతే ఖాళీ బాటిల్ తెచ్చినవాణ్ణి చూసి మొహం తిప్పుకుంటాడు, నాకు తెలుసు కదా. మసాచుసెట్స్‌లో ఆ డబ్బుకి ప్రత్యేక నిధి ఉండేది. 2003లో దాన్ని ఎత్తేసి సొమ్ము మామూలు ఖజానాలో కలిపేశారు. మీ దగ్గరైతే కమిటీవాళ్లు జనరేటర్ డీజిల్‌కి అడుగుతారు. ఆ కాగితం చూపించు.

ఇంకో చిక్కుంది. మీ పని ఎంత బాగా జరిగితే ఈ డబ్బు అంత తక్కువ మిగులుతుంది. బాటిళ్లన్నీ వెనక్కొస్తే చేతిలో సున్నా. అందుకే ఊడ్చేవాళ్ల కూలి దీని మీద పెట్టుకోకు, దానికి స్టాళ్ల అద్దె చూడు. ఈ డబ్బుతో గోనెసంచులు, చెత్తడబ్బాలు, మొక్కలు లాంటివి కొను. కింద పడ్డ బాటిళ్లు ఏరి పిల్లలు డబ్బు పట్టుకెళ్తుంటే మీవాళ్లు గొణుగుతారు. గొణగనీ. వాళ్లు ఏరితే మీకు ఊడ్చే ఖర్చు తగ్గుతుంది.

నీలగిరుల్లో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లకి గుచ్చుకుంటున్నాయని, 2022 నుంచి మద్యం సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగిస్తున్నారు. మీరూ ప్రతి బాటిల్‌కీ గుర్తు వెయ్యండి. లేకపోతే పలాసలో కొన్న బాటిల్ కూడా మీ కౌంటర్‌కే వస్తుంది. కౌంటర్ దిగేదారిలో పెట్టు, ఎక్కేదారిలో కాదు.

స్టిక్కర్లు బరంపురంలో కొట్టించు. ఒకటి బాటిల్‌కి అంటించి రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచు. పొద్దునకి ఊడిపోతే ఆ జిగురు వద్దను.

మీ పెదనాన్న