9,000 స్టైపెండ్ అని అప్రెంటిస్‌షిప్ వదులుకోవాలా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఈ ఏడాది సివిల్‌లో బీటెక్ పాసయ్యాడు. హైదరాబాద్‌లో ఒక నిర్మాణ కంపెనీ గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా తీసుకుంటామంది. ఏడాది పాటు నెలకు 9,000 ఇస్తారట. ఎండలో సైట్ పని, ఏమైనా అవుతుందేమోనని భయం. మా మరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వీణ్ణి కూడా అరవై వేలు కట్టి అమీర్‌పేటలో డేటా సైన్స్‌లో చేర్చమంటున్నారు. లేదా బిమ్ (కట్టడాన్ని కంప్యూటర్‌లో 3డీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి) కోర్సు అంటున్నారు. మూడింట్లో ఏది మంచిది?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: అమ్మా, మూడు దారుల గురించి అడిగారు గానీ, మీ టెన్షన్ అంతా 9,000 అని బంధువులకు ఎలా చెప్పుకోవాలన్నదే. ఫలితాలొచ్చే రోజుల్లో ఇలాంటి ప్రశ్నలే ఎక్కువ వస్తాయి. మరిది కొడుకు గురించి రాశారు, మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ముందు వాణ్ణి కూర్చోబెట్టి అడగండి.

అది జీతం కాదు, స్టైపెండ్. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఇచ్చే శిక్షణ ఇది. 2019 సవరణలో గ్రాడ్యుయేట్లకు కనీసం 9,000, డిప్లొమా వాళ్లకు 8,000 అని పెట్టారు. ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. కాబట్టి మీవాడికి విలువ లేక ఇచ్చిన అంకె కాదది. శిక్షణలో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కంపెనీదేనని చట్టంలోనే ఉంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం మాత్రం లేదు. అది తెలిసే చేరాలి.

డేటా సైన్స్ మీద నాకు నమ్మకం తక్కువ. నాలుగైదు నెలల కోర్సు చేసి, నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ల పక్కన ఇంటర్వ్యూకి కూర్చోవాలి. సివిల్ నుంచి వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లు కాలేజీలో ఉండగానే ఎవరూ చెప్పకుండా కోడ్ రాసుకున్నవాళ్లు. మీరు ఫీజు కట్టినంత మాత్రాన ఆ ఆసక్తి పుట్టదు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టినవాళ్లను, ఎంతమందికి ఏ ఉద్యోగం, ఎంత జీతం ఇప్పించారో కాగితం మీద రాసిమ్మనండి. మాట మార్చేస్తారు!

బిమ్‌ను అలా కొట్టిపారేయను. విదేశీ ప్రాజెక్టులకు మోడళ్లు చేసే ఆఫీసులు హైదరాబాద్‌లో ఉన్నాయి. కానీ దూలం, స్తంభం కలిసే చోట రాడ్లు ఎంత ఇరుకుగా వస్తాయో, కాంక్రీట్ అందులోకి దిగడానికి ఎంత తిప్పలో కళ్లారా చూడనివాడు రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్‌లో ఏం గీసినా సైట్‌లో తిట్లే తింటాడు. సైట్ చూశాక రెవిట్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

ఈ ఏడాదిలో డ్రాయింగ్ చూసి బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ రాడ్ ఎంత పొడవు, ఎన్ని, ఎలా వంచాలన్న పట్టిక) వేయడం, ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవల్‌తో రీడింగ్ తీయడం, కాంక్రీట్ క్యూబులు పోయించి 7 రోజులకు, 28 రోజులకు బలం టెస్ట్ చేయించడం, కొలతలు రాసి సబ్ కాంట్రాక్టర్ బిల్లు సరిచూడడం వస్తే చాలు. రేపు ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. మేస్త్రీతో గొడవ పడకుండా పని చేయించుకోవడం కూడా అక్కడే అలవాటవుతుంది. అది ఏ క్లాసులోనూ చెప్పరు.

అయితే కొన్నిచోట్ల అప్రెంటిస్‌ను ఆఫీసులో కూర్చోబెట్టి జిరాక్సులు తీయిస్తారు. అందుకే చేరకముందే రెండు విషయాలు తేల్చుకోమనండి. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకమైన నాట్స్ పోర్టల్‌లో ఒప్పందం నమోదు చేస్తారా? సైట్, క్వాలిటీ, బిల్లింగ్ మూడింట్లోనూ తిప్పుతారా? నమోదు లేదంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, చవక పనివాణ్ణి పెట్టుకోవడమే. డిపాజిట్ కట్టమంటే అటు పోనే పోవద్దు.

ఒకటి నిజం, 9,000తో హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు గడవడం కష్టం. కోర్సుకని తీసిపెట్టిన అరవై వేలున్నాయిగా, అందులోంచి నెలకు ఐదు వేలు వాడికి పంపండి. సరిగ్గా ఏడాదికి సరిపోతాయి.