కోపే కార్డు డబ్బు అయిపోయింది, ఇంజెక్షన్ తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 39. డాలస్‌లో ఉంటున్నాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి రెండు వారాలకోసారి అడాలిముమాబ్ బయోసిమిలర్ (అసలు మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసిన మందు) ఇంజెక్షన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. మందుల కంపెనీ ఇచ్చిన కోపే కార్డు (నేను కట్టాల్సిన వాటాలో సాయం చేసే కార్డు) వల్ల జనవరి నుంచి నెలకు 5 డాలర్లే కట్టాను. జూన్‌లో ఒక్కసారిగా 1,775 డాలర్లు అడిగారు. మా ప్లాన్‌లో నెల ఇంజెక్షన్ల ధర 1,800, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మేం కట్టాల్సిన మొత్తం) 4,000, కార్డు పరిమితి ఏడాదికి 9,000 డాలర్లు. డిడక్టిబుల్ ఎప్పుడో తీరాలి కదా? ఇంజెక్షన్ నెలకొకటి చేసుకోవచ్చా? ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందుగా ఇంజెక్షన్ సంగతి. నెలకొకటి చేసుకోవద్దు. మోతాదుల మధ్య ఎడం పెరిగితే కీళ్ల వాపు తిరగబెట్టడమే కాదు, మందుకు వ్యతిరేకంగా శరీరంలో యాంటీబాడీలు పెరిగే అవకాశం ఉంటుంది. అలా జరిగితే తర్వాత డబ్బు కట్టి వేసుకున్నా ఇదివరకటిలా పనిచేయకపోవచ్చు. మెథోట్రెక్సేట్ ఆ యాంటీబాడీలను కొంత అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని ఆపకండి. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలతో నెట్టుకురావద్దు. ఇండియా నుంచి తెప్పించడం కూడా వద్దు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. సూట్‌కేసులో వచ్చిన దానికి ఆ భరోసా ఎవరిస్తారు? అమెరికా నిబంధనలూ సాధారణంగా ఒప్పుకోవు.

ఇక డబ్బు. మీ ప్లాన్‌లో ‘కోపే అక్యుములేటర్’ ఉన్నట్టుంది, అంటే కార్డు కట్టిన డబ్బును డిడక్టిబుల్ లెక్కలో వేయని నిబంధన. నెలకు 1,800లో కార్డు 1,795 కట్టింది, మీరు 5 కట్టారు. మే నెలాఖరుకు కార్డులో 8,975 ఖర్చయి, 25 మిగిలాయి. అందుకే జూన్‌లో 1,775 అడిగారు. కార్డు కట్టిన డబ్బును లెక్కలోకి తీసుకుని ఉంటే మూడో నెలకే మీ డిడక్టిబుల్ తీరేది. అక్యుములేటర్ ఉన్న ప్లాన్ మీ జేబులోంచి వచ్చిన 25 డాలర్లనే లెక్కేస్తుంది. రోగికి సాయమని ఇచ్చిన డబ్బు చివరికి ప్లాన్‌కే కలిసొస్తోంది. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

కాబట్టి ఫార్మసీలో కట్టిన 5 డాలర్లు చూసి నిశ్చింతగా ఉండకూడదు. మందు తీసుకున్న ప్రతిసారీ తేదీ, ప్లాన్ ధర, కార్డు కట్టింది, మీరు కట్టింది ఒక పుస్తకంలో రాసుకోండి. కార్డులో ఎంత మిగిలిందో మందుల కంపెనీ హెల్ప్‌లైన్‌ను అడగండి. ఏ బిల్లుకు ఎవరెంత కట్టారో చెబుతూ ఇన్సూరెన్స్ పంపే పత్రం ఈఓబీలో డిడక్టిబుల్ కింద ఎంత జమైందో చూసి పక్కనే వేయండి. జనవరిలో 1,800 బిల్లుకు 5 మాత్రమే జమైనట్టు కనబడితే జూన్‌లో ఏం జరగబోతోందో అప్పుడే తెలిసిపోతుంది.

ఇప్పుడు హెచ్‌ఆర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. ప్లాన్‌లో అక్యుములేటర్ ఉందా? ఖర్చును మీ కంపెనీయే నేరుగా భరించే సెల్ఫ్ ఫండెడ్ ప్లానా? కార్డు డబ్బును లెక్కలో కలపాల్సిందేనని కొన్ని రాష్ట్రాల్లో చట్టాలు ఉన్నాయి కానీ, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లకు సాధారణంగా అవి వర్తించవు. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉన్న ప్లాన్ అయితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నిబంధనలూ అడ్డొస్తాయి. కార్డు కట్టిన మొత్తాన్ని హెచ్‌ఎస్‌ఏ నుంచి మళ్లీ తీసుకోకూడదని గుర్తుంచుకోండి.

ఈలోగా మీ రుమటాలజిస్ట్ ఆఫీసుకు ఈ రోజే ఫోన్ చేయండి. అడాలిముమాబ్ బయోసిమిలర్లు అమెరికాలో 2023 నుంచి చాలానే వచ్చాయి, వాటి ధరల్లో తేడా బాగా ఉంది. మీ ప్లాన్ జాబితాలో చవకది ఉంటే మార్చవచ్చు. ఆదాయాన్ని బట్టి మందు ఉచితంగా ఇచ్చే పేషెంట్ అసిస్టెన్స్ ప్రోగ్రాములు కోపే కార్డుకు వేరుగా ఉంటాయి. వాటి ఫారాల్లో డాక్టర్ నింపాల్సిన భాగం ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉన్న తల్లిదండ్రులకు మాత్రం కంపెనీల కోపే కార్డులు చెల్లవు. వాళ్లకు పార్ట్ డి (మెడికేర్‌లో మందులకు సంబంధించిన భాగం) మందులపై ఏడాదికి 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు.

అదే పుస్తకంలో ఇంజెక్షన్ వేసుకున్న తేదీ, పొద్దున కీళ్లు ఎన్ని నిమిషాలు బిగుసుకుంటున్నాయో కూడా రాయండి. ఇన్సూరెన్స్ మందును నిరాకరిస్తే, అప్పీలులో మీ డాక్టర్ చూపగలిగే ఆధారాల్లో అదొకటి.