తాతగారి లాగ్‌బుక్ తీసి చదువమ్మా

చిట్టితల్లీ,

మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దనాన్న అమెరికా నుంచి దిగేదాకా ఆగి ఎల్లుండి పొద్దున మీ తాతగారి దహనం పెట్టుకున్నారట, అక్కడ నాలుగు మాటలు నువ్వే చెప్పాలట. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు పఠాన్‌కోట్ వైమానిక స్థావరంలో ఆయన నడిపిన హంటర్ యుద్ధ విమానాల ఇంజిన్ల బాగోగులు చూసిన మెకానిక్‌ని నేను. మావాళ్ళు చాలామందిని ఇలా సాగనంపి వచ్చాను. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

ముందు ఇవాళే దగ్గర్లోని ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కి కబురు పెట్టమను. సర్వీస్ నంబరు, ర్యాంకు, పెన్షన్ కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. పుష్పగుచ్ఛం పంపుతారో, బ్యూగల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు రాగం వాయించడానికి మనుషులు వస్తారో వాళ్ళే చెబుతారు. జెండా విషయంలో మాత్రం తొందరపడకండి. వీధిలో కుర్రాళ్ళు ప్రేమకొద్దీ జెండా తెచ్చి కప్పబోతారు. ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప అలా కప్పడానికి చట్టం ఒప్పుకోదు. లాంఛనాలు కుదిరితే వచ్చినవాళ్ళే కప్పుతారు, కాషాయం తలవైపు వచ్చేలా. చితి అంటించే ముందు తీసేస్తారు. జెండా కాలకూడదమ్మా.

ఇక నీ మాటలు. ఆయన బీరువాలో లాగ్‌బుక్ ఉంటుంది. 1971 డిసెంబర్ పేజీ తియ్యి. తేదీ, విమానం రకం, నంబరు, ఎంతసేపు ఎగిరారు, ఏ పని మీద వెళ్ళారు, అన్నీ ఆయన చేతిరాతే. డిసెంబర్ 3 సాయంత్రం మన స్థావరాల మీద బాంబులు పడ్డాయి, పఠాన్‌కోట్ మీదా పడ్డాయి. మర్నాడు పొద్దున్నే మా హంటర్లు లేచాయి. అక్కణ్ణుంచి 17న కాల్పులు ఆగేదాకా ఉన్న వరుసల్లో ఒక్కటి ఎంచుకుని, ఉన్నది ఉన్నట్టు పైకి చదువు. మహావీరుడు, సింహం లాంటి మాటలు ఎవరికైనా సరిపోతాయి. ఆ వరుస ఒక్క ఆయనదే.

ఎన్ని విమానాలు కూల్చారని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ యుద్ధంలో హంటర్ల పని ఎక్కువగా నేల మీద లక్ష్యాలను కొట్టడం. కింది నుంచి తుపాకులు పేలుతుంటే వాటి మీదికే దిగడానికి ఎంత గుండె కావాలో అది చూసినవాడికి తెలుస్తుంది. లేని లెక్క చెప్పకు. పతకాలూ అంతే. ఆయన పెట్టెలో ఉన్నవి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. అవి ఆ యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చినవి. బంధువుల్లో ఎవరైనా ‘వీరచక్ర’ అంటే అక్కడే నెమ్మదిగా సరిదిద్దు. తనది కాని గౌరవం ఆయన బతికుండగా ఎప్పుడూ తీసుకోలేదు, పోయాక మనం అంటగట్టకూడదు.

నేను చూసింది ఒకటి చెబుతాను, కావాలంటే వాడుకో. ఎగిరే ముందు పైలట్ ఫారం 700 మీద సంతకం పెట్టాలి. విమానం బాగుందని మేం రాసినదాన్ని నమ్మి, ప్రాణం మా చేతుల్లో పెడుతున్నానని దాని అర్థం. మీ తాతగారు సంతకం పెట్టేముందు ఒక్కసారి తలెత్తి మా మొహాలు చూసేవారు. ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు పొరపాటున పేలకుండా పెట్టే పిన్నులు మేం తీసి చూపిస్తే లెక్కపెట్టుకుని తల ఊపేవారు. ఇంజిన్ మోత మొదలవకముందు తెలుగులో, నా ఒక్కడికే వినపడేలా, “వెళ్ళొస్తానోయ్” అనేవారు. తిరిగి రాగానే విమానం ముక్కు కింద తుపాకుల దగ్గర పట్టిన మసిని వేలితో తాకి చూసి, టీ కూడా తాగకుండా మా దగ్గరే నిలబడి ఏ శబ్దం తేడాగా ఉందో చెప్పేవారు. అందుకే, తల్లీ, మెకానిక్‌లను, ఆయుధాలు ఎక్కించినవాళ్ళను ఒక్క వాక్యంలోనైనా తలుచుకో. తన గురించి మాట్లాడాల్సి వస్తే ఆయన ముందు వాళ్ళ మాటే ఎత్తేవారు.

తిరిగిరాని స్నేహితుల గురించి ఆయన ఇంట్లో ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ పేర్లు కూడా చదువు. మీ నాయనమ్మని అడుగు, ఆవిడకి తెలుస్తుంది. ఆ తర్వాత నీకు తెలిసిన తాతని చెప్పు. నిన్ను భుజాన ఎక్కించుకున్నదీ, లెక్కలు నేర్పిందీ, ఏదైనా సరే. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వకు. ఏడుపొస్తే ఆగి, మళ్ళీ మొదలుపెట్టు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆయన వస్తువులు ఆయనతోనే పోవాలని ఎవరైనా లాగ్‌బుక్ చితి మీద పెట్టబోతే పెట్టనివ్వకు. శాలువా పెట్టుకోండి, టోపీ పెట్టుకోండి, ఆ పుస్తకం మాత్రం నీ దగ్గరే ఉండాలి.

రేపు రాత్రి బస్సుకి వస్తున్నాను. పడుకునే ముందు ఆ పేజీ నాకోసారి చదివి వినిపించు. విమానం నంబర్లు నాకింకా గుర్తున్నాయి, సరిచూసి చెబుతాను.

మీ తాతగారి దగ్గర పనిచేసిన
మరో తాత