లాటిన్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్లకు

తమ్ముడూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. రోమన్ కవి కాటుల్లుస్ రాసిన ఆ రెండు పాదాల పద్యానికి నువ్వు చేసిన తెలుగు బావుంది. కానీ నువ్వే రాశావు కదా, మూడు ఇంగ్లీషు అనువాదాలు పక్కన పెట్టుకుని చేశానని, మూడూ మూడు రకాలుగా ఉంటే ఏది నమ్మాలో తెలియక మధ్యేమార్గంగా ఒకటి రాసేశానని. ఆ ఇబ్బంది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను లాటిన్‌కి వచ్చింది కూడా సరిగ్గా అక్కడి నుంచే. అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. చెప్పేవాళ్లు లేరు, పక్కన కూర్చుని చదివేవాళ్లు లేరు, పొద్దున ఆఫీసుకి బయలుదేరేలోపు దొరికే నలభై నిమిషాలు, ఒక పాత ల్యాప్‌టాప్, అంతే. కాబట్టి "ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకోవడం అయ్యే పనేనా అక్కా" అని అడిగావే, అవుతుంది. రెండేళ్లు పడుతుందనుకో. తొందరపడితే ఇంకా ఎక్కువ పడుతుంది.

ముందు పుస్తకాల సంగతి తేల్చేద్దాం. ఎవరిని అడిగినా రెండు పేర్లు చెప్తారు. ఒకటి వీలాక్. అమెరికాలో యుద్ధం నుంచి తిరిగొచ్చి కాలేజీల్లో చేరిన సైనికులకి పాఠాలు చెప్తూ తయారుచేసిన పుస్తకం, 1956లో వచ్చింది, 40 అధ్యాయాలు. ప్రతి అధ్యాయంలో ఒక సూత్రం, ఒక పట్టిక, కొన్ని మాటలు, తర్వాత అనువాదం చేయడానికి విడివిడి వాక్యాలు. నేను దీన్ని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ పన్నెండో అధ్యాయం దాటలేకపోయాను. అమో, అమాస్, అమత్ అని పట్టికలు గడగడా అప్పచెప్పగలిగాను గానీ నాలుగు వాక్యాలున్న పేరా ఇస్తే చదవలేకపోయాను. ప్రతి వాక్యాన్నీ ముడి విప్పినట్టు విప్పాలి: క్రియ ఎక్కడుంది, దాని చివర ఏముంది, కర్త ఏది అని. మూడో వాక్యం విప్పేసరికి మొదటిది మర్చిపోయేదాన్ని. ఇందులో పుస్తకం తప్పేమీ లేదు. అది వారానికి మూడు క్లాసులు చెప్పే మాస్టారు ఉన్నారనుకుని రాసింది.

రెండోది హాన్స్ ఓర్బెర్గ్ అనే డెన్మార్క్ టీచరు రాసింది. 1955లో మొదటిసారి వచ్చింది, మొదటి భాగం పేరు ఫమిలియ రోమాన, 35 అధ్యాయాలు. అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లాటిన్ తప్ప ఇంకో భాష మాట ఒక్కటీ ఉండదు. రోమన్ సామ్రాజ్యం మ్యాపుతో మొదలవుతుంది. మొదటి వాక్యం "రోమ ఇన్ ఇతలియా ఎస్త్." రోమ్ ఇటలీలో ఉంది. మ్యాపు ఎదురుగా ఉంది కాబట్టి ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది. తర్వాత ఒక కుటుంబం కథ, నాన్న, అమ్మ, పిల్లలు, వాళ్ల బానిసలు, పారిపోయే బానిస, తుపాను. కొత్త మాట వస్తే పక్కన బొమ్మో, తెలిసిన లాటిన్ మాటల్లోనే చిన్న వివరణో ఉంటుంది. ఈ పుస్తకంతోనే నాకు లాటిన్ వచ్చింది. నువ్వు దీన్ని ప్రధానంగా పెట్టుకో, వీలాక్‌ని సందేహం వచ్చినప్పుడు తీసి చూసుకునే పుస్తకంగా పక్కన ఉంచుకో. రెండూ కొనడం భారమైతే డూజ్ రాసిన 1911 నాటి పాఠ్యపుస్తకం గుటెన్‌బర్గ్ సైట్లో ఉచితంగా ఉంది, వ్యాకరణానికి అది చాలు.

చదివే పద్ధతి గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నడుస్తాయి. ప్రతి అధ్యాయం పైకి, గట్టిగా, కనీసం మూడుసార్లు చదువు. మొదటిసారి కథ కోసం, రెండోసారి మాటల చివర్ల కోసం, మూడోసారి ఇంకేమీ ఆలోచించకుండా. చివర మూడు అభ్యాసాలుంటాయి, పెన్సుమ్ ఆ, బే, కే అని. మొదటిది ప్రత్యయాలు పూరించడం, రెండోది మాటలు, మూడోది ప్రశ్నలకి లాటిన్‌లోనే జవాబులు రాయడం. మూడూ నోట్‌బుక్‌లో చేత్తో రాయి. కొత్త అధ్యాయానికి వెళ్లే ముందు వెనకటి రెండు అధ్యాయాలు మళ్లీ చదువు. తేలిగ్గా అనిపిస్తే మంచిదే, తేలిగ్గా చదివే పేజీలే భాషని నీలో కూర్చోబెడతాయి, కష్టపడి విప్పిన పేజీ మర్నాటికి పోతుంది. 16వ అధ్యాయం దగ్గర ఆగిపోతావేమో, అక్కడ రూపం చూస్తే కర్మణి ప్రయోగంలా ఉండి అర్థం మాత్రం కర్తరి అయ్యే క్రియలొస్తాయి. నేను అక్కడ ఐదు వారాలున్నాను. అప్పుడు ముందుకి తోసుకుపోకుండా పదో అధ్యాయానికి వెనక్కి వెళ్లి మళ్లీ నడుచుకుంటూ రా.

ఇప్పుడు పాఠ్యపుస్తకాలేవీ నీకు చెప్పని సంగతి. అవన్నీ ఇంగ్లీషువాళ్ల కోసం రాసినవి కాబట్టి ఇంగ్లీషువాళ్లకి కష్టమైనదాన్ని కష్టమని చెప్తాయి. అది చదివి నువ్వూ భయపడతావు. అనవసరం.

దీర్ఘాలు చూడు. లాటిన్‌లో హ్రస్వం, దీర్ఘం మారితే మాటే మారిపోతుంది. మలుమ్ అంటే చెడు, మాలుమ్ అంటే ఆపిల్ పండు. లిబెర్ అంటే పుస్తకం, లీబెర్ అంటే స్వతంత్రుడు. వెనిత్ వస్తాడు, వేనిత్ వచ్చాడు. ఎస్త్ అంటే ఉంది, ఏస్త్ అంటే తింటాడు. ఇంగ్లీషు పుస్తకాలు వీటి మీద గీతలు పెట్టి, గుర్తుపెట్టుకోమని పేజీలకి పేజీలు బతిమాలతాయి. మనకి ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు అని ఒకటో తరగతిలోనే వచ్చేసింది. ఒత్తులూ అంతే, అనుస్ ముసలమ్మ, అన్నుస్ సంవత్సరం. గడికీ గడ్డికీ ఉన్నంత తేడా. లాటిన్ త, ద కూడా మన త, ద లాగా పళ్లకి తగిలి పలికేవే. అందుకని నీకో పని చెప్తాను, నేను చేసి లాభపడ్డది: మొదటి పది అధ్యాయాలు తెలుగు లిపిలో ఎత్తి రాసుకో. "రోమ" చివర హ్రస్వం ఎందుకుంది, "ఇతలియా" చివర దీర్ఘం ఎందుకొచ్చింది అని రాస్తున్నప్పుడే కంటికి ఆనుతుంది. ఆ దీర్ఘమే మన "లో"తో కలిసే విభక్తి.

విభక్తులకీ భయపడకు. రాముడు, రాముణ్ణి, రాముడికి, రాముడితో అని రోజంతా మాట్లాడేవాడివి. క్రియ చివరకి రావడం, "నేను" అనకుండానే "వచ్చాను" అనడం, మాటల క్రమం అటూ ఇటూ జరిపినా అర్థం చెడకపోవడం, ఇవన్నీ నీ ఇంట్లో సంగతులే. ఏ, ద లాంటి ఆర్టికల్స్ లాటిన్‌లో లేవు, మనకీ లేవు. కాబట్టి లాటిన్ వాక్యం చూడగానే మనసులో ఇంగ్లీషులోకి తిప్పి, దాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పే అలవాటు మానుకో. నేను మొదటి ఏడాది అదే చేశాను, ప్రతి వాక్యానికీ రెట్టింపు శ్రమ పడ్డాను, పైగా మధ్యలో ఇంగ్లీషుకి అవసరమైనవి ఏవేవో వచ్చి చేరేవి.

మరి మనకి నిజంగా కష్టమైనవి ఏవంటే, విశేషణాలు. మంచి కుర్రాడు, మంచి పిల్ల, మంచి ద్రాక్షసారా. మన "మంచి" కదలదు. లాటిన్‌లో బొనుస్ పుఎర్, బొన పుఎల్ల, బొనుమ్ వీనుమ్. లింగం, వచనం, విభక్తి మూడూ నామవాచకంతో కలవాలి, అలా కలుస్తాయి కాబట్టే కవులు విశేషణాన్ని ఒక చోట, నామవాచకాన్ని నాలుగు మాటల అవతల పెట్టేస్తారు. మన చెవి వెంటనే పక్క మాటతో కలిపేస్తుంది, తప్పు చదువుతాం. రెండోది, మనం "వచ్చిన కుర్రాడు" అని ఒక్క మాటలో చెప్పేదాన్ని లాటిన్ "ఏ కుర్రాడైతే వచ్చాడో" అన్నట్టు కుర్రాడి తర్వాత చెప్తుంది. ఈ రెండింటి మీద టైమ్ పెట్టు. టెన్షన్ పడాల్సినంత విషయం కాదు గానీ, వదిలేస్తే వెంటాడుతుంది.

ఉచ్చారణలో రెండు సంప్రదాయాలున్నాయి. రోమన్ వక్త సిసెరో పేరుని చర్చిలో చిచెరో అంటారు, ప్రాచీన పద్ధతిలో కికెరో. సీజర్ అని మనం పిలిచేవాణ్ణి వాళ్లు కైసర్ అని ఉంటారు. నీకు కావలసింది పద్యం కాబట్టి ప్రాచీన పద్ధతి పట్టుకో, ఎందుకంటే అందులోనే హ్రస్వ దీర్ఘాలు నిలుస్తాయి, అవి లేకపోతే ఛందస్సు వినిపించదు.

ఛందస్సు దగ్గరకొచ్చాం కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. రోమన్ కవి వర్జిల్ కావ్యం మొదటి పాదం తెలుగు లిపిలో రాసి గురులఘువులు వేసి చూశాను ఒక రోజు. అర్మవి, రుంక్వెక, నోత్రో, యైక్వీ, ప్రీముస, బోరీస్. భగణం, భగణం, గగ, గగ, భగణం, గగ. దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, మనకి బళ్లో చెప్పిన సూత్రమే. ఆరు గణాల పాదం, మొదటి నాలుగింట్లో భగణమో గగమో ఏదైనా రావచ్చు, ఐదోది మామూలుగా భగణం. ఏడు భగణాల మీద ఒక గురువుతో నడిచే మన మానిని వృత్తం చదివిన చెవికి ఇది కొత్త నడక కాదు. చిన్న చిన్న తేడాలున్నాయి, అవి తర్వాత తెలుస్తాయి. నీ కాటుల్లుస్ పద్యం మొదలూ చూడు: ఓదీ ఎత్ అమో, ద్వేషిస్తున్నాను, ప్రేమిస్తున్నాను. అచ్చు మీద అచ్చు వచ్చింది కాబట్టి మొదటిది లోపించి "ఓదెతమో" అవుతుంది, ఏమి అంటివి అన్నది ఏమంటివి అయినట్టు. ఓదెత, భగణం. నేను ఆ పూట ఆ ఒక్క పాదాన్నే పదే పదే పైకి చదువుకుంటూ కూర్చున్నాను, ఆఫీసుకి ఆలస్యమైంది కూడా.

ఆన్‌లైన్‌లో ఉన్నవి నువ్వు వెతుక్కోగలవు, నా అనుభవంలో తేలింది మాత్రం చెప్తాను. నిఘంటువుకి షికాగో యూనివర్సిటీవాళ్ల లోగెయన్ చూడు, 1879 నాటి లూయిస్-షార్ట్ నిఘంటువు కూడా అందులోనే ఉంటుంది. మాట రూపాలన్నీ దీర్ఘాల గుర్తులతో చూడాలంటే విక్షనరీ. టఫ్ట్స్ యూనివర్సిటీవాళ్ల పెర్సియస్‌లో మూలగ్రంథాలున్నాయి, ఏ మాట మీద నొక్కినా అది ఏ విభక్తో ఏ కాలమో చెప్పేస్తుంది. అక్కడే జాగ్రత్త. ప్రతి మాటా నొక్కుతూ పోతే పేజీ అయిపోతుంది, నీకేమీ రాదు. పేజీ మొత్తం ఒకసారి చదివి, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల దగ్గరే వెతుకు. డుయోలింగోలో లాటిన్ కోర్సు చిన్నది, త్వరగా అయిపోతుంది. బస్సులో సరదాగా చేసుకో గానీ చదువు కింద లెక్కపెట్టకు. ఓర్బెర్గ్ అధ్యాయాలు పైకి చదివి యూట్యూబ్‌లో పెట్టినవాళ్లున్నారు, వంట చేస్తూ, నడుస్తూ అవి విను. వాటికన్‌వాళ్లు 2019 నుంచి లాటిన్‌లో వారం వారం వార్తలు చదువుతున్నారు, చర్చి ఉచ్చారణలో ఉంటుంది, సగం పుస్తకం అయ్యాక విను. వాక్యాన్ని యంత్రానువాదంలో పడేసి సరిచూసుకోవడం మాత్రం మొదటి ఏడాది వద్దు. తప్పులిస్తుందని ఒక్కటే కాదు, దానికి అలవాటు పడితే నీ ఊహ మీద నీకు నమ్మకం కుదరదు.

ఓర్బెర్గ్ 26వ అధ్యాయంలో డెడలుస్, ఇకారుస్ కథ వస్తుంది. 28లో సువార్త కథలు. అక్కడి నుంచి బయటి పాఠాలు మెల్లగా మొదలుపెట్టు. అందరూ సీజర్‌ని చదవమంటారు, నేను ముందు లాటిన్ బైబిల్ చదవమంటాను. జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు నాలుగో శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన అనువాదం, వాక్యాలు చిన్నవి, కథ నీకు ముందే తెలుసు. యోహాను సువార్త మొదలు "ఇన్ ప్రీంకిపియో ఎరత్ వెర్బుమ్." పక్కన మన తెలుగు బైబిల్ పెట్టుకో, "ఆదియందు వాక్యముండెను." మాటకి మాట ఎంత దగ్గరగా కూర్చుందో చూడు. సంస్కృతం మీదుగా మనకొచ్చిన చుట్టరికాలు కూడా దారిలో కనిపిస్తాయి, అగ్నికి ఇగ్నిస్, వాక్కుకి వోక్స్, దంతానికి దేన్స్, షష్ఠిలో దెంతిస్. ఇంగ్లీషు జడ్జి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఈ పోలికల గురించి ప్రసంగించాడు. సంతోషంగానే ఉంటుంది గానీ ఆ పోలికల వేటలో పడి రోజువారీ చదువు మానకు.

34వ అధ్యాయంలో పద్యాలొస్తాయి, కాటుల్లుస్ అక్కడే ఉన్నాడు. నీ పద్యం సంగతి అప్పుడు మళ్లీ చూద్దాం, కానీ ఒక్క మాట ఇప్పుడే. ఆ రెండు పాదాల్లో ఎనిమిది క్రియలున్నాయి, నామవాచకం ఒక్కటీ లేదు. నీ తెలుగులో "నేను" నాలుగుసార్లు, "హృదయం" ఒకసారి వచ్చింది. ఇంగ్లీషుకి "నేను" లేనిదే గడవదు కాబట్టి అది అక్కడి నుంచి వచ్చిందని తెలుస్తూనే ఉంది. హృదయం ఎక్కడిదో నాకు తెలియదు, మూలంలో లేదు. చివరి మాట ఎక్స్‌క్రుకియొర్, సిలువ అనే మాటలోంచి పుట్టిన క్రియ, రూపంలో కర్మణి. దాన్ని "హింసించబడుతున్నాను" అని రాశావు. తెలుగులో బాధలో ఉన్న మనిషి ఎవడూ అలా మాట్లాడడు. "నరకయాతన పడుతున్నాను" అంటాడేమో, ఇంకేదైనా అంటాడేమో, ఆ "పడు" మన దగ్గర ఎన్ని రకాలుగా ఉందో నువ్వే వెతుకు.

ఆ డ్రాఫ్ట్ చెరిపేయకు, తేదీ వేసి దాచు. ఓర్బెర్గ్ పుస్తకం దొరకగానే చెప్పు, మొదటి పెన్సుమ్ రాశాక నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపు, దీర్ఘాలు నేను చూస్తాను.

ప్రేమతో,
అక్క